ఆఖరి సైకిలు వచ్చేదాకా

జూలై నెలలో పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం సాయంత్రం తూర్పు లండన్‌లో, హ్యాక్నీ ప్రాంతంలోని లండన్ ఫీల్డ్స్ పార్కు దగ్గర సైకిళ్లు పోగవుతాయి. లక్షలు పోసి కొన్న కార్బన్ బండి పక్కనే ముందు బుట్ట తగిలించిన పాత బండి ఉంటుంది. ఇద్దరు కలిసి తొక్కే జంట సైకిలూ ఉంటుంది. అక్కడ ఆ రోజుల్లో పొద్దుగూకేది రాత్రి తొమ్మిది దాటాకే. ఆ వేళకు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు గుంపులుగా బయల్దేరతారు. జెండా ఊపేవాళ్లు, విజిలు ఊదేవాళ్లు ఎవరూ ఉండరు. ఎప్పింగ్ అడవి దాటి, ఎసెక్స్ పల్లెల సందుల్లోంచి, సడ్‌బరీ, నీడమ్ మార్కెట్, ఫ్రామ్లింగమ్ ఊళ్ల మీదుగా సఫొక్ తీరంలోని డనిచ్ చేరాలి. దారి సుమారు 180 కిలోమీటర్లు. దీనికి డనిచ్ డైనమో అని పేరు. 1990ల తొలి ఏళ్లలో, లండన్ వీధుల్లో సైకిళ్ల మీద పార్శిళ్లు చేరవేసే కొరియర్ కుర్రాళ్ల సరదాగా మొదలైంది. నమోదు లేదు, రుసుము లేదు, చొక్కా మీద నెంబరు లేదు, వెనకాల వ్యాను లేదు, చివర్లో పతకం లేదు. అయినా ఏటా వందలమంది వస్తారు, బాగున్న ఏడాది వెయ్యి దాటుతారు. వాళ్లలో చాలామందికి అంతకుముందు అంత దూరం తొక్కిన అలవాటు ఉండదు.

ఇది పందెం కాదని అందరికీ తెలుసు. మరి ఏమిటి? యాత్ర అందామా అంటే అక్కడ గుడి లేదు. ఉద్యమం అందామా అంటే నినాదం లేదు. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో వారాంతపు సైకిలు బృందాలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మనకూ అవసరమే. మన దగ్గర ఇలాంటి పని ఏది తలపెట్టినా ముందు స్పాన్సరు పేరున్న టీషర్టు వస్తుంది, వెనకే టైమింగ్ చిప్పు, పతకం, ఫోను యాప్‌లో సగటు వేగం వస్తాయి. ఆ పద్ధతిలో సైకిలు తొక్కడం తప్పని నేననను. కానీ రాత్రంతా జట్టుగా తొక్కి తెల్లారేసరికి సముద్రం చేరే ప్రయాణానికి ఆ కొలతలు పనికిరావు. ఆ ప్రయాణం మంచిచెడ్డలు తేల్చాల్సింది ముందు చేరినవాణ్ణి చూసి కాదు, ఆఖరున వచ్చేవాడు ఎలా వచ్చాడో చూసి. జట్టు భద్రత కూడా అక్కడే ఉంది. అనుమతి కాగితంలోనో, వెంట నడిచే అంబులెన్సులోనో కన్నా, వెనకబడ్డ మనిషి కోసం ఆగే అలవాటులోనే ఎక్కువ ఉంది.

దీనికి రుజువు డైనమో కన్నా దాని చుట్టమైన మరో ప్రయాణంలో స్పష్టంగా కనిపిస్తుంది. లండన్ నడిబొడ్డున హైడ్ పార్క్ కార్నర్ నుంచి శుక్రవారం అర్ధరాత్రి బయల్దేరి బ్రైటన్‌కో, సౌతెండ్‌కో, విట్‌స్టబుల్‌కో వెళ్లే శుక్రవారం రాత్రి ప్రయాణాలు ఉన్నాయి. చలికాలం పోయాక మొదలై నెలకొకటి చొప్పున నడిచేవి. డైనమోలో ఎవరి దారి వారిది, ఇందులో మాత్రం జట్టుకు పద్ధతి ఉంది. ముందు ఒకరు దారి చూపుతారు. రోడ్డు చీలిన ప్రతిచోటా ఆ ముందున్న మనిషి తన వెనక వస్తున్నవారిలో ఒకరికి చెయ్యి చూపి, నువ్విక్కడ నిలబడు అంటాడు. ఆ మనిషి సైకిలు దిగి, మూల మీద నిలబడి, వచ్చేవాళ్లందరికీ మలుపు చూపిస్తూ ఉండిపోతాడు. జట్టంతా వెళ్లిపోయాక కూడా కదలడు. అన్నిటికన్నా వెనక, తోకలా, ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులు వస్తుంటారు. వాళ్లు కనిపించి, ఇక మా వెనక ఎవరూ లేరు అన్నాకే అతను బండెక్కుతాడు. ఈలోగా ముందు మరో మూలకు మరొకరు కాపలా పడి ఉంటారు. చూడటానికి చాలా మామూలు ఏర్పాటు. కానీ దానివల్ల మ్యాపు చూసుకునే పని ఎవరికీ లేదు. చీకట్లో దారి తప్పుతానన్న భయం లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముందువాణ్ణి అందుకోవాలని రొప్పుతూ తొక్కాల్సిన అవసరం లేదు. జట్టులో అందరికన్నా నెమ్మదైన మనిషి కూడా తన వేగంతో తాను వెళ్లగలడు, ఎందుకంటే ప్రతి మూల మీదా తన కోసమే ఒకరు నిలబడి ఉన్నారు.

పంక్చరు పడ్డప్పుడు చూడాలి అసలు సంగతి. తెల్లవారుజామున మూడు గంటలు, చెట్ల మధ్య సన్నటి రోడ్డు, చిన్న జల్లు. ఎవరిదో వెనక టైరు మెత్తబడింది. ఆ కబురు ఒకరి నోట ఒకరికి ముందుకు పాకుతుంది, దారి చూపే మనిషి కాస్త విశాలంగా ఉన్నచోట ఆగుతాడు, ఆయన వెనక అందరూ ఆగుతారు. వెనకేమో బండిని తలకిందులు చేసి, చక్రం ఊడదీసి, టైరు లీవర్లతో ఒక అంచు ఎత్తి, ట్యూబు లాగి, ముల్లు ఇంకా లోపలే ఉందేమోనని టైరు లోపలివైపు వేలితో తడిమి చూస్తారు. ఈ తడమడం మరిచిపోతే కొత్త ట్యూబూ పావుగంటలో పోతుంది. ఒకరు తలకు కట్టుకున్న దీపంతో వెలుగు పడతారు, ఒకరు పంపు కొడతారు, ఒకరు ఊరికే కబుర్లు చెబుతారు. బండి సొంతదారుకు ఆ పని చేతకాకపోయినా ఫరవాలేదు. పదినిమిషాల తర్వాత మళ్లీ బయల్దేరతారు. డెబ్బై ఎనభై మందిని ఒక్కరి చక్రం కోసం చలిలో నిలబెట్టడం వేగం లెక్కన చూస్తే శుద్ధ దండగ. ఆ దండగే ఆ జట్టుకు ఆయువు. వచ్చే నెల ఆ మనిషి మళ్లీ వస్తాడు. ఈసారి మూల మీద నిలబడేది అతనే కావచ్చు.

రాత్రే ఎందుకన్నది మరో ప్రశ్న. ఇంగ్లండులో పగటిపూట పల్లె రోడ్లలో కార్లు వేగంగా పోతాయి, రాత్రి ఒంటిగంట తర్వాత అవి దాదాపు ఖాళీ. అది ఒక కారణం. కానీ చీకటి చేసే పని ఇంకొకటుంది. పగలైతే ముందు వెళ్లేవాడి కాళ్ల కండలు, వాడి బండి ఖరీదు, వాడికీ మనకూ మధ్య పెరుగుతున్న దూరం అన్నీ కనిపిస్తాయి. రాత్రి కనిపించేది ముందున్న ఎర్రదీపం ఒక్కటే. డైనమోకు వెళ్లినవాళ్లందరూ ఆ ఎర్రదీపాల వరస గురించే ముందు చెబుతారు. కొండ మీదికి ఎక్కే రోడ్డు ఎటు వంపు తిరుగుతుందో ఆ దీపాలే చెబుతాయట. మలుపుల దగ్గర సీసాల్లో చిన్న కొవ్వొత్తులు వెలిగించి పెట్టే సంప్రదాయం కూడా అక్కడ ఉంది. సైకిలుకు రాత్రిపూట ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం ఉండాలని బ్రిటన్‌లో 1989 నాటి వాహన దీపాల నిబంధనలు చెబుతాయి. చట్టం కోసం పెట్టుకున్న దీపమే వెనకవాడికి దారి చూపుతుంది. మన దగ్గర నడివయసు దాటినవాళ్లకు డైనమో అన్న మాట వినగానే వెనక టైరుకు రాసుకుంటూ గుర్రుమనే ఆ చిన్న సీసాలాంటి యంత్రం గుర్తుకు రావాలి. తొక్కితే వెలుగు, ఆగితే చీకటి. సైకిలుకు లైటు లేదని పోలీసు ఆపిన కాలం, మునిసిపాలిటీకి పన్ను కట్టి బిళ్ల తగిలించుకున్న కాలం మనకూ ఉండేది. ఇప్పుడు సైకిలు దీపం సంగతి అడిగే నాథుడే లేడు. సైకిలు గౌరవం తగ్గిందనడానికి అంతకన్నా గుర్తు అక్కర్లేదేమో.

దీనికి మొదటి అభ్యంతరం వేగంగా తొక్కేవాళ్ల నుంచే వస్తుంది. గంటకు ముప్ఫై కిలోమీటర్లు తొక్కగల మనిషిని పదిహేనులో కట్టిపడేస్తే అతనికేం మిగులుతుంది అని. నిజమే, ఏమీ మిగలదు. అతనికి వేరే దారులున్నాయి. ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టిన బ్రెవే ప్రయాణాలు మన దేశంలోనూ, హైదరాబాద్‌లోనూ చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు, 600కు నలభై గంటలు అని గడువు పెట్టి, దారిలో అక్కడక్కడ ముద్ర వేయించుకోమంటారు. ఆ తోవలో పైకి పోతే నాలుగేళ్లకోసారి ప్యారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి వచ్చే 1200 కిలోమీటర్ల ప్రయాణం ఉంది. దానికి తొంభై గంటలు. అదీ పందెం కాదు, ఎవరు ముందొచ్చారో వాళ్లూ చాటరు. కానీ గడియారం ఉంది. గడియారం ఉన్నచోట పక్కవాడి పంక్చరు దగ్గర ఆగితే ఆ పావుగంట మన గడువులోంచే పోతుంది. ఆగేవాళ్లు అక్కడా ఆగుతారు, అది వాళ్ల మంచితనం. శుక్రవారం ప్రయాణంలో ఆగడానికి మంచితనం అక్కర్లేదు, ఆగడమే నియమం. మంచివాళ్ల మీద ఆధారపడే ఏర్పాటు కన్నా మామూలు మనుషులతో మంచిపని చేయించే ఏర్పాటు గట్టిదని నా లెక్క.

రెండో అభ్యంతరం పోలీసుశాఖ వేసేది. నిర్వాహకుడు లేని జనసమూహం రోడ్డు మీదికి వస్తే ఏదైనా జరిగితే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న లండన్‌లో కోర్టుదాకా వెళ్లింది, అదీ మరో సైకిలు గుంపు విషయంలో. క్రిటికల్ మాస్ అనే పేరుతో 1994 నుంచీ నెలలో చివరి శుక్రవారం సాయంత్రం థేమ్స్ దక్షిణపు గట్టున జనం చేరి, ముందుగా అనుకున్న దారి ఏదీ లేకుండా నగరంలో తిరుగుతారు. ఊరేగింపు జరిపేవాళ్లు ముందుగా దారి, సమయం, నిర్వాహకుల పేర్లు తెలపాలని అక్కడి 1986 నాటి చట్టం. పేర్లు చెబుదామంటే నిర్వాహకులు లేరు, దారి చెబుదామంటే దారి లేదు. అప్పీలు కోర్టు పోలీసుల వైపు మొగ్గింది. 2008 నవంబరులో ప్రభువుల సభ న్యాయమూర్తులు ఆ తీర్పును కొట్టేశారు. ఏళ్ల తరబడి వాడుకగా జరుగుతున్న ఊరేగింపుకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, దారి నెలనెలా మారినంత మాత్రాన ఇది వాడుక కాకుండా పోదు అన్నారు. ఈ తీర్పులో నాకు నచ్చింది సైకిళ్ల గెలుపు కాదు. వాడుక అన్నదానికి న్యాయస్థానం ఇచ్చిన బరువు. ఒక పని ఏళ్లుగా, అదే చోట, అదే వేళ, పెద్ద గొడవ లేకుండా జరుగుతూ ఉంటే దాన్ని నడిపిస్తున్నది ఆ అలవాటే.

అలాగని డైనమోకు లోపం లేదనలేం. నడిరాత్రి ఎక్కడో పొలాల మధ్య ఒంటరిగా పడిపోయినవాణ్ణి చూసుకునే బాధ్యత పేరుపెట్టి ఎవరి మీదా లేదు. వెనక వందలమంది వస్తున్నారు కనుక ఎవరో ఒకరు చూస్తారన్న నమ్మకం ఒక్కటే రక్ష. ఇన్నేళ్లుగా ఆ నమ్మకం నిలబడిందంటే రోడ్డు పొడుగునా జనం ఉండబట్టే. ఇరవైమంది జట్టుకు ఆ ధైర్యం చాలదు. అందుకే మనకు పనికొచ్చేది శుక్రవారం పద్ధతి: పేరున్న క్లబ్బు, సభ్యులకు బీమా, ముందొకరు, వెనక ఇద్దరు, మూలమూలనా మనిషి. పోలీసులకు ముందు ఒక మాట చెప్పడంలో చిన్నతనమేమీ లేదు. మన జిల్లాల్లో 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఏడాదిలో సగం రోజులు అమల్లోనే ఉంటుందన్నట్టు వార్తలు చదువుతూ ఉంటాం. చెప్పడం వేరు, అనుమతి కోసం చేతులు కట్టుకు నిలబడటం వేరు. సైకిలు తొక్కడానికి రోడ్డు ఉన్నది పగలూ రాత్రీ కూడా.

ఇక అసలైన అభ్యంతరం మన రోడ్లు. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అదే ఏడాది గ్రేట్ బ్రిటన్‌లో 1,711 మంది. జనాభాతో సరిచూసినా మన దగ్గర మరణాలు నాలుగున్నర రెట్లు. అక్కడ 2022 జనవరిలో మార్చిన హైవే కోడ్ సైకిలును దాటేటప్పుడు కారు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలంటుంది. మన దగ్గర లారీ ఎడం ఇస్తే అది డ్రైవరు దయ. రాత్రిపూట మన రోడ్డు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి లండన్ ముచ్చట్లు విని మోసపోడు. వెనక దీపం లేకుండా రోడ్డు పక్కన నిలిపిన ట్రాక్టరు ట్రక్కు, సున్నం గీత చెరిగిపోయిన స్పీడ్ బ్రేకరు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, ఆ రాళ్ల పక్కనే పడుకున్న గేదె. ఇవన్నీ చీకట్లో సైకిలుకు గండాలే. కుక్కల సంగతి సరేసరి.

కానీ ఈ జాబితాను మళ్లీ ఒకసారి చూడండి. వీటిలో చాలావరకు వేగంగా వచ్చేవాణ్ణి చంపే గండాలు. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో, మంచి దీపంతో, ముందున్న మనిషి రాయి అనో గుంట అనో కేకేస్తే ఆ కేక వెనకదాకా అందే జట్టుకు అవి దాటదగ్గవే. పాతికమంది ఎర్రదీపాల వరస లారీ డ్రైవరుకు అరకిలోమీటరు దూరం నుంచే కనబడుతుంది. ఒంటరి సైకిలు అలా కనబడదు. నిజానికి మన రాత్రి రోడ్ల మీద ఒంటరి సైకిళ్లకు కొదవ లేదు. పాలవాళ్లు, పేపరు వేసే కుర్రాళ్లు, తెల్లవారకముందే మార్కెట్టుకు కూరగాయల మూటతో పోయేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగిన కాపలాదారులు ఏ దీపమూ లేకుండా రోజూ ఈ ప్రమాదంలోనే బతుకుతున్నారు. వాళ్లెవరూ సాహసికులమని చెప్పుకోరు. దారి ఎంచుకోవడమూ మన చేతిలోనే ఉంది. జాతీయ రహదారి వదిలేయాలి. 180 కిలోమీటర్ల మోజు వదిలేయాలి. గుంటూరు నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక సుమారు అరవై కిలోమీటర్లు. అర్ధరాత్రి బయల్దేరి, మధ్యలో రెండుసార్లు టీకి ఆగి, ఒకటి రెండు పంక్చర్లు పడినా తెల్లారేసరికి ఇసుకలో కాళ్లు చాపుకోవచ్చు. విశాఖ నుంచి భీమిలి దాకా తీరం వెంబడే పోయే రోడ్డు ముప్ఫై కిలోమీటర్ల లోపే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఇంకో మాట. లండన్‌వాళ్లకు జూలై రాత్రి గట్టిగా ఏడున్నర గంటలు, డనిచ్‌లో నాలుగు ముప్పావుకే సూర్యుడు వచ్చేస్తాడు. మనకు చలికాలంలో పన్నెండు గంటలకు పైన రాత్రి ఉంది. ఎండాకాలంలో పగలు నలభై రెండు డిగ్రీలు కాసే కోస్తాలో సైకిలు తొక్కడానికి రాత్రి తప్ప వేరే వేళే లేదు.

సైకిలుకు మన ప్రభుత్వాలు ఏమీ చేయలేదనీ అనను. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో తెరిచారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద నున్నటి బాట. మంచి పనే. అయితే ఆ బాట మీద పోయి పోయి మళ్లీ కారు పెట్టిన చోటికే రావాలి. తీరానికి పోయే ప్రయాణంలో ఉన్న ఆకర్షణ అది తీర్చలేదు. సముద్రం దగ్గర రోడ్డు ఆగిపోతుంది. ఇంకా ముందుకు పోదామనేవాడికి నోరు పెగలదు.

ఇదంతా డబ్బున్నవాళ్ల దిగుమతి సరదా అనే మాట కూడా వినిపిస్తుంది. ఖరీదైన బండ్ల సంగతిలో అందులో కొంత నిజముంది. కానీ పౌర్ణమి రాత్రి జనం కలిసి తెల్లవార్లూ దారి నడవడం మనకెవరో నేర్పాలా? సింహాచలం గిరి ప్రదక్షిణ చూడండి. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, మాధవధార, గోపాలపట్నం చుట్టి తిరిగి కొండ చేరేసరికి సుమారు 32 కిలోమీటర్లు. లక్షలమంది, చాలామంది చెప్పులు లేకుండా నడుస్తారు. అధిక మాసాల గొడవ పక్కన పెడితే అది చాలా ఏళ్లు డనిచ్ డైనమో జరిగే పౌర్ణమి దాపుల్లోనే పడుతుంది. ఆ రాత్రి విశాఖలో ఎవరూ నమోదు చేసుకోరు, ఎవరూ పతకం ఇవ్వరు. దారి పొడుగునా మజ్జిగ, అరటిపళ్లు, కాళ్లకు పూసే మందు ఇచ్చేవాళ్లుంటారు. అవి ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ ముఖపరిచయం ఉండదు. ముందు చేరినవాడికి పుణ్యం ఎక్కువనీ, వెనక చేరినవాడికి తక్కువనీ ఎవరూ అనుకోరు. ముసలివాళ్లు ఎక్కడో అరుగు మీద కూలబడితే వెంట వచ్చిన కుటుంబమంతా అక్కడే కూలబడుతుంది. దేవస్థానం, పోలీసులు, మునిసిపాలిటీ ఏర్పాట్లు చేస్తారు, నడక మాత్రం వాడుకదే. భక్తిని పక్కనపెట్టి ప్రయాణం తీరు మాత్రమే చూస్తే లండన్ శుక్రవారం జట్టుకూ దీనికీ ఉన్న పోలిక, మన నగరాల్లోని మారథాన్లకూ దీనికీ లేదు.

ఆడవాళ్ల సంగతికి వస్తే ఆగేవాళ్లున్న జట్టుకూ ఆగని జట్టుకూ తేడా ఇంకా తెలుస్తుంది. మన ఊళ్లలో ఆడమనిషికి రాత్రి రోడ్డు తనదన్న భావనే లేదు. గిరి ప్రదక్షిణ రాత్రి, తిరుమల మెట్లెక్కే రాత్రి లాంటివి కొన్ని మినహాయింపులు, అవీ చుట్టూ జనం ఉండబట్టే. వేగం కొలిచే జట్టులో కొత్తగా చేరినవాళ్లు సహజంగానే వెనకబడతారు, వెనకబడటమంటే చీకట్లో ఒంటరి కావడం. ఆ భయం ఒక్కటి చాలు ఆడవాళ్లెవరూ రెండోసారి రాకపోవడానికి. తోకన ఇద్దరు తప్పకుండా ఉంటారని, వాళ్లలో ఒకరు ఆడమనిషి అని ముందే తెలిస్తే లెక్క మారుతుంది. ఇదేమీ ఉపకారం కాదు. వాళ్లు లేకుండా పదిమంది మగవాళ్లు రాత్రంతా తొక్కితే అది మరో మందు పార్టీకి ముందుమాట అవుతుంది తప్ప నగరపు అలవాటు కాదు.

దారిలో ఊళ్లవాళ్లు ఏమనుకుంటారన్నది న్యాయమైన ప్రశ్న. అర్ధరాత్రి తమ వీధిలోంచి వందల బండ్లు పోతుంటే, గోడపక్కన నిలబడి ఒంటికి పోతుంటే ఎసెక్స్ పల్లెలైనా విసుక్కుంటాయి. కానీ అదే పల్లెల్లో కొన్నిచోట్ల ఊరి సమావేశ మందిరం రాత్రంతా తెరిచి, టీ, సూపు, శాండ్‌విచ్ అమ్మి ఆ డబ్బు ఊరి ఖర్చులకు వాడుకున్నారు. మన రోడ్ల మీద రాత్రి రెండింటికి తెరిచి ఉండే టీ బంకుకు పాతికమంది ఒక్కసారి దిగితే ఆ యజమాని కాదంటాడా? ముందురోజు ఫోను చేసి చెబితే ఇడ్లీ కూడా వేసి ఉంచుతాడు. కాకపోతే ప్లాస్టిక్ గ్లాసులు ఆ బంకు చుట్టూ వదిలి రాకూడదు, బ్లూటూత్ స్పీకరు పాటలు ఊళ్లోకి పోకూడదు. ఇది చట్టంతో అయ్యే పని కాదు, తోకన వచ్చేవాళ్లు ఒక సంచి పట్టుకొస్తే అవుతుంది.

గమ్యం గురించి కూడా ఒక మాట. డనిచ్‌లో చూడటానికి ఏమీ లేదు, గులకరాళ్ల ఒడ్డు, ఒక టీ హోటలు, రెండువందల లోపు జనం. ఒకప్పుడు అది పెద్ద రేవు. 1286, 1287 చలికాలంలోనూ, మళ్లీ 1328లోనూ వచ్చిన తుపానులు రేవును పూడ్చేశాయి, తర్వాత శతాబ్దాలపాటు ఒడ్డు కోసుకుపోతూ ఇళ్లు, చర్చిలు ఒక్కొక్కటీ నీళ్లలో కలిశాయి. చివరి చర్చి గోపురం 1919లో పడిపోయింది. ఊరు మిగలకపోయినా 1832 దాకా పార్లమెంటుకు ఇద్దరు సభ్యుల్ని పంపుతూనే ఉంది, అది వేరే వినోదం. దాదాపు ఆ కాలపు రేవే మనకూ ఒకటుంది. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన మోటుపల్లి. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అది రాజుదని లాక్కునే పాత పద్ధతి మాని, సుంకం మాత్రమే తీసుకుంటామని ఆ శాసనంలో రాజు మాటిచ్చాడు. చీరాల దాటాక ఇప్పుడు అదొక మామూలు పల్లె, శాసనం గుడి దగ్గర ఉంది. రాత్రంతా తొక్కి తెల్లవారుజామున చేరదగ్గ చోటు కోసం వెతికేవాళ్లు రిసార్టులకన్నా ముందు దీన్ని చూడొచ్చు.

ఆఖరి అభ్యంతరం కాస్త ఎత్తిపొడుపు: సైకిలు మీద పోయి తిరిగి బస్సులో వచ్చేదానికి ఇంత గొప్పా అని. డనిచ్‌కు దగ్గరి రైల్వే స్టేషను డార్షమ్ చాలా చిన్నది, అన్ని సైకిళ్లను ఎక్కించుకునే రైలు లేదు. అందుకే దక్షిణ లండన్ సైకిలు బృందమొకటి మనుషులకు బస్సులు, బండ్లకు లారీలు ఏర్పాటు చేస్తూ వచ్చింది. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, వచ్చింది ఇంధనం పొదుపు చేద్దామని కాదు గదా. నన్ను కలవరపెట్టేది మరొకటి. రాత్రి నిద్రలేని మనిషి ఉదయం చేయగల అతి ప్రమాదకరమైన పని, స్నేహితుడు తెచ్చిన కారు స్టీరింగు పట్టుకుని ఇంటికి బయల్దేరడం. దానికి కాస్త తక్కువ ప్రమాదం, కాళ్లు పీకుతుంటే అలల్లోకి లోతుగా దిగడం. సూర్యలంకలో మోకాలి లోతు దాటనివ్వకూడదు. బాపట్ల స్టేషను బీచికి తొమ్మిది కిలోమీటర్లు, విజయవాడ లైను మీదే ఉంది. సైకిలును లగేజీగా బుక్ చేసి బ్రేకువ్యానులో వేయొచ్చు, చీటీ కట్టడానికి ఒక ముక్క తాడు, పేరు రాయడానికి పెన్ను వెంట ఉంచుకోవాలి. పాతిక సైకిళ్లు ఒకే రైలుకు ఎక్కవు, రెండు మూడు రైళ్లకు సర్దుకోవాలి. మొదటి రైలుకు ఎవరు పోవాలో ఒడ్డునే తేల్చుకోవచ్చు. తోకన వచ్చినవాళ్లు టీ తాగడం అయ్యాక.